మూడో పిలుపు

పోయిన వారం ఈ కథను మెదెర్ రేడియోలో దీపం వెలిగిన చోట ఆపాను. అక్కడినుంచే మొదలుపెడతాను.

మెదెర్ నా తమ్ముడు. కొండల మీద మంచు ఎంత లోతు పడిందో కొలిచి రాసుకొచ్చే ఉద్యోగం వాడిది. జనవరి పన్నెండున స్కీలు కట్టుకుని తెరెక్ కనుమ వైపు ఒక్కడే వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిసారీ సాయంత్రం ఆరింటికి చేతి రేడియోలో మాట్లాడి ఎక్కడున్నాడో చెప్పేవాడు. మా కరాకోల్ రేడియో క్లబ్బు వాళ్ళం సారీబెల్ శిఖరం మీద ఒక రిపీటర్ నడుపుతున్నాం. చిన్న రేడియోలో అన్న మాటను అది పట్టుకుని బలంగా తిరిగి పలుకుతుంది. ఊరంతా వింటుంది. ఆ సాయంత్రం ఆరు దాటింది. మెదెర్ పలకలేదు. నేను ఇంట్లో సెట్టు ముందు కూర్చుని ఏడూ ఇరవై అయిదు దాకా పిలిచాను. జవాబు రాలేదు.

ఆ తర్వాత జరిగింది కూడా మళ్ళీ చెప్పాలి. క్లబ్బులో పటం పరిచాం. నేను బడిలో భూగోళం చెబుతాను. స్కేలు పెట్టి గీత గీసి చూపించాను. కనుమకు ఇవతలి వాలు మొత్తం రిపీటర్ కంటికి కనిపిస్తుంది, అక్కడ ఏ మూలనుంచి మాట్లాడినా మనకు వినిపించి తీరాలి, వినిపించలేదు కాబట్టి వాడు అవతలి వైపు దిగి ఉండాలి అన్నాను. వెతికేవాళ్ళు నా మాట నమ్మారు. నాలుగు రోజులు అవతలి వైపే వెతికారు. అయిదో రోజున ఒక వేటగాడి కుక్క మెదెర్‌ను ఇవతలి వాలులో పట్టించింది. కాలు విరిగి ఉంది. ఒక రాత్రి, మర్నాడు చాలావరకు బతికే ఉన్నాడని డాక్టరు చెప్పాడు.

రేడియో పాడై ఉంటుందని అందరూ అన్నారు. నేనూ అదే అన్నాను. నలభై రోజులు ఆ ఒక్క మాట మీదే నిలబడ్డాను.

నలభయ్యో దినం ముగిశాక మెదెర్ భార్య కాలీపా ఒక సంచి తెచ్చి నా ముందు పెట్టింది. కొండ మీద వాడి దగ్గర దొరికిన సామాను. ఆమె విప్పలేదు. చేతి తొడుగులు, కొలతల పుస్తకం, కత్తి, రేడియో. రేడియోను చార్జింగ్‌లో పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ చెప్పలేను. గంట తర్వాత మీట తిప్పితే ఆకుపచ్చ దీపం వెలిగింది. లోపలినుంచి మా క్లబ్బు పెద్ద ఇగ్నాతిచ్ గొంతు, ఎవరితోనో తేనెపెట్టెల గురించి మాట్లాడుతూ, స్పష్టంగా వినిపించింది.

రేడియో పాడవలేదు.

*

మూడు రోజుల తర్వాత, ఆదివారం, దాన్ని కోటు జేబులో వేసుకుని క్లబ్బుకు వెళ్ళాను.

మా క్లబ్బు పాత భవనంలో వెనక రెండు గదులు. ఒకప్పుడు ఆ భవనమంతా మాదే. కుర్రాళ్ళకు మోర్సు చుక్కలూ గీతలూ నేర్పేవారు, పారాచూట్లు మడత పెట్టడం నేర్పేవారు. ఇప్పుడు ముందు హాల్లో ఆడపిల్లలకు నాట్యం నేర్పుతున్నారు. గోడకు అవతల టీచరమ్మ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం, చిన్న పాదాలు నేలను తన్నడం మా సంభాషణల వెనక ఎప్పుడూ ఉంటుంది.

ఆ ఆదివారం మెదెర్‌కు పిలుపులు. మాలో ఎవరైనా పోతే నలభై రోజులు దాటాక వచ్చే ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి వాడి కాల్ సైన్‌ను, అంటే రేడియోలో పేరుకు బదులు చెల్లే అక్షరాలను, రిపీటర్‌లో మూడుసార్లు పిలుస్తాం. ఒక్కో పిలుపు తర్వాత ఒక నిమిషం ఆగుతాం. ఆ నిమిషంలో లోయలో ఎవరూ మైకు నొక్కరు. మూడో పిలుపుకూ జవాబు రాకపోతే సభ్యుల పట్టికలో ఆ పేరు మీద గీత గీస్తాం. ఈ పని క్లబ్బులోని రష్యన్లకూ ఇక్కడివాళ్ళమైన మాకూ ఒకటే. నలభై అనే లెక్క ఇద్దరికీ ఉంది కాబట్టి ఏనాడూ పేచీ రాలేదు.

నేను వెళ్ళేసరికి ఇగ్నాతిచ్ పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎనభై ఒకటో ఏడు. పూర్తి పేరు వలేరీ ఇగ్నాత్యెవిచ్. అంత పేరుతో ఎవరూ పిలవరు. మోర్సు నాకు నేర్పింది ఆయనే. మెదెర్‌కు నేర్పిందీ ఆయనే. జొల్దోష్ కిటికీ గట్టు మీద కూర్చుని ఆ గట్టును పూర్తిగా ఆక్రమించాడు. ఫోన్లు బాగుచేసే దుకాణం అతనిది. ఏటా శరత్కాలంలో రిపీటర్ బ్యాటరీలు వీపున కట్టుకుని సారీబెల్ ఎక్కేదీ, రిపీటర్‌లో ఏ మార్పు చేయాలన్నా చేసేదీ అతనే.

కాలీపా మా అందరి కంటే ముందే వచ్చింది. బల్ల మీద గుడ్డ పరిచి, పొద్దున్నే నూనెలో వేయించిన బోర్సోక్ బిళ్ళలు పోసింది. వేయించిన నూనె వాసన పోయినవాళ్ళకు చేరుతుందని మా నమ్మకం. ఆమె కోటుకు ఇంకా ఆ వాసన ఉంది.

"రండి మాస్టారూ," అన్నాడు ఇగ్నాతిచ్. "ముందు టీ. టీ పడకపోతే నా గొంతు రిపీటర్ కాదు కదా, పొయ్యి దాకా కూడా వెళ్ళదు."

"ఆయన గొంతు వెళ్ళకపోయినా పర్లేదు ఎజే," అన్నాడు జొల్దోష్ కాలీపాతో, మా వాళ్ళు అక్కను పిలిచినట్టు. "దగ్గు వెళ్తుంది. మొన్న ఆయన దగ్గితే రిపీటర్ రెండుసార్లు దగ్గింది. నేనేదో కొత్త రోగం పట్టిందనుకుని పైకెక్కబోయాను."

కాలీపా కొంచెం నవ్వింది. నలభై రోజుల తర్వాత ఆమె నవ్వడం అప్పుడే చూశాను. నా జేబులో ఉన్నది బయటికి తీయకుండా వెళ్ళిపోదామా అని ఒక్క క్షణం అనిపించింది.

ఇగ్నాతిచ్ లేచి గోడకున్న చెక్క అరల దగ్గరికి వెళ్ళాడు. సభ్యుడికొక అర. ఏ దేశంలో ఎవరు మన మాట విన్నా ఒక కార్డు రాస్తారు. ఎప్పుడు విన్నారో, ఎంత బాగా వినిపించిందో రాసి, నిజమేనని సంతకం పెట్టి మరో కార్డు పంపమంటారు. ఆ కార్డులన్నీ రాజధానిలోని బ్యూరోకు వెళ్ళి, అక్కడ వేరుచేయబడి, నెలకో రెండు నెలలకో కట్టగా మాకు వస్తాయి. పక్క వీధివాడు రాసిన కార్డయినా సరే అలా బిష్కెక్ వెళ్ళి రావలసిందే. మెదెర్ దీన్ని ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు.

ఇగ్నాతిచ్ మెదెర్ అర ఖాళీ చేసి, కార్డులను ఎర్ర దారంతో కట్టి నా చేతిలో పెట్టాడు.

"మొన్న శుక్రవారం బ్యూరో పార్సెల్ వచ్చింది. అందులో మెదెర్‌కు రెండున్నాయి. పైన పెట్టాను. నేను చదవలేదు. ఇంక అవి ఇంటివాళ్ళవి."

కట్టను అందుకుని పక్కన పెట్టాను. తర్వాత జేబులోంచి రేడియో తీసి బోర్సోకుల పక్కన పెట్టాను.

"ఇది మెదెర్‌ది," అన్నాను. "పనిచేస్తోంది."

గోడ అవతల టీచరమ్మ లెక్క వినిపించింది. జొల్దోష్ కిటికీ గట్టు దిగి వచ్చి రేడియోను చేతిలోకి తీసుకున్నాడు. అరచేతిలో అది అగ్గిపెట్టెలా ఉంది. మీట నొక్కి తన కాల్ సైన్ చెప్పాడు. మేం నలుగురం బల్ల మీది పెద్ద సెట్టు వైపు చూశాం. రిపీటర్ పట్టుకుని ఉంటే ఆ సెట్టు అతని మాటను తిరిగి పలకాలి.

పలకలేదు.

మళ్ళీ నొక్కాడు. పలకలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని రేడియో అద్దం మీద ఏవో అంకెలు తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు.

"పాత టోన్," అన్నాడు.

టోన్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పాలి. మాట్లాడే ప్రతిసారీ రేడియో మన మాట కింద చెవికి అందని ఒక సన్నని స్వరం పంపుతుంది. రిపీటర్‌కు అది తలుపు తాళంచెవి. సరైన స్వరం ఉంటేనే మాటను లోపలికి రానిస్తుంది. కిందటి శరత్కాలంలో లారీల రేడియోల గోల మా రిపీటర్‌లోకి దూరుతుంటే టోన్ మార్చాలని సభ పెట్టి తీర్మానించాం. అందరూ తమ రేడియోల్లో కొత్తది పెట్టుకోవాలి. డిసెంబరు ఆఖరు దాకా రెండు తాళంచెవులూ పనిచేస్తాయి. జనవరి ఒకటి నుంచి కొత్తదొక్కటే.

మెదెర్ రేడియోలో ఇంకా పాతదే ఉంది.

నాకు ముందు వచ్చింది కోపం. దాన్ని దాచను. నలభై రోజులుగా ఎవరి మీద పడాలో తెలియని కోపం, ఎదురుగా ఒక మనిషి దొరకగానే పడింది.

"పాత టోన్ మూసింది నువ్వు," అన్నాను.

"నేనే," అన్నాడు జొల్దోష్.

"ఇంకొక్క నెల తెరిచి ఉంచితే నీ సొమ్మేం పోయేది? కొండల్లో తిరిగే మనిషి ఒకడున్నాడని తెలియదా? లారీల గోల నీ చెవులకు అంత బాధగా ఉందా?"

"మాస్టారూ."

"ఆరు గంటలు ఎక్కి మీట మూసేముందు ఒక్క ఫోను చేయలేకపోయావా?"

జొల్దోష్ రేడియోను మెల్లగా బల్ల మీద పెట్టాడు. అతను ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేస్తే బాగుండేది.

"చేయనవసరం లేదన్నారు. మీరే అన్నారు. నేను ఊరికే మూయలేదు బైకే, జాబితా చూసి మూశాను."

జొల్దోష్ నన్ను ఎప్పుడూ మాస్టారూ అనే అంటాడు. బైకే అని, అన్నా అని పిలిచేది మెదెర్. ఆ మాట ఇతని నోట వినేసరికి నేను కూర్చున్నాను.

అతను బీరువా తెరిచి అట్ట దస్త్రం తీశాడు. అందులో ఒక కాగితం. పద్నాలుగు కాల్ సైన్లు, నా చేతిరాత. పద్నాలుగింటి పక్కనా టిక్కు. ఎర్ర సిరా. పిల్లల నోటుపుస్తకాలు దిద్దే పెన్ను.

క్లబ్బు కార్యదర్శిని నేను. టోన్ మార్చినప్పుడు నియమం కూడా నేనే పెట్టాను. మార్చుకున్నాం అని నోటితో చెబితే చెల్లదు. ప్రతి ఒక్కరూ కొత్త టోన్‌తో రిపీటర్‌లోకి వచ్చి కాల్ సైన్ చెప్పాలి, నేను నా చెవులతో వినాలి, అప్పుడే టిక్కు పెడతాను. తరగతిలో ఇంటిపని చూసినట్టు చూశాను. ఇగ్నాతిచ్‌ను కూడా వదల్లేదు. ఆయన రెండుసార్లు తప్పు అంకె పెట్టుకుని వస్తే రెండుసార్లూ వెనక్కి పంపాను. అందరూ నవ్వారు.

పదకొండో పేరు మెదెర్‌ది. నవంబరు తొమ్మిది. టిక్కు.

"ఈ టిక్కు నాదే," అన్నాను. "నేను విన్నాను. వాడి గొంతు, కొత్త టోన్, రిపీటర్‌లో. విన్నాకే పెట్టాను."

"విన్నారు. నేనూ విన్నాను, ఆ రోజు దుకాణంలో సెట్టు పెట్టుకుని ఉన్నా." జొల్దోష్ గొంతు తగ్గించాడు. "దేనిమీంచి మాట్లాడాడు బైకే?"

జవాబు చెప్పింది కాలీపా.

"నవంబరు తొమ్మిది ఆదివారం," అంది. "బావగారి ఇంట్లో మంతీ కుడుములు వండుకున్నాం. వీళ్ళిద్దరూ పిండి కలపడం మొదలుపెట్టి సగంలో రేడియో గదిలో దూరారు. నేనూ తోడికోడలూ వంటింట్లో ఉన్నాం. లోపలినుంచి ఈయన గొంతు వినపడింది. ఉల్యానా కిలోవాట్ మాట్లాడుతున్నాను, వినపడుతోందా అని."

మెదెర్ కాల్ సైన్‌లో చివరి రెండు అక్షరాలవి. రేడియోలో అక్షరాన్ని పేరుతో పలుకుతాం. ఉల్యానా ఆడమనిషి పేరు.

"నేను వంటింట్లోంచి అరిచాను," అంది కాలీపా. "ఆ ఉల్యానా ఎవతో తేలేదాకా నీకు మంతీ లేదు అని. ఆయన మైకు వదలకుండానే, ఉల్యానాకు వంట రాదు కాలీపా, అందుకే నీ దగ్గరున్నాను అన్నాడు. ఊరంతా విన్నారు. మర్నాడు బజార్లో కూరగాయలమ్మాయి నన్ను చూసి నవ్వింది."

చేతిలో ఉన్న బోర్సోక్‌ను రెండుగా తుంచింది, తినలేదు.

"మైకు బావగారిదే కదా. ఆ గదిలో ఉన్నది పెద్ద సెట్టే కదా. ఈయన చిన్న రేడియో కోటు జేబులో ఉంది. కోటు గుమ్మం పక్కన కొక్కానికి ఉంది. నేను ప్లేట్లు తెస్తూ దానికి తగిలి జారితే మళ్ళీ తగిలించాను. రేడియో గోడకు కొట్టుకున్న చప్పుడు కూడా గుర్తుంది."

ఆ మాటతో గదిలో అందరికీ అర్థమైంది. కొత్త టోన్ ఉన్నది నా ఇంటి సెట్టులో. మెదెర్ మాట్లాడింది దానిమీంచి. నేను విన్నది నా తమ్ముడి గొంతు, నా సెట్టు టోన్. టిక్కు పెట్టింది వాడి జేబులోని రేడియోకు. డిసెంబరంతా ఆ చిన్న రేడియో పాత తాళంచెవితోనే పనిచేసింది కాబట్టి ఎవరికీ తెలియలేదు. కొత్త సంవత్సరంలో వాడు కొండకెళ్ళడం జనవరి పన్నెండే మొదటిసారి.

ఇంకొక్క సంగతి ఉంది. అది కాలీపాకు తెలియదు. ఆమె వంటింట్లో ఉంది. జొల్దోష్‌కూ తెలియదు. నేను చెప్పకపోతే భూమి మీద ఎవరికీ తెలిసే వీలు లేదు. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలను నిలబెట్టి తప్పు ఎవరిదో వాళ్ళ నోటితోనే చెప్పించిన మనిషిని. నిలబడి చెప్పాను.

"మైకు వాడు అడగలేదు. నేనే ఇచ్చాను. ఇప్పుడే చెప్పేయ్, లేకపోతే నీ వెనక వారం తిరగాలి అన్నాను. వాడు చెప్పాడు. చెప్పి, చిన్నదానికి కూడా నువ్వే మార్చిపెట్టు బైకే, ఆ అంకెల గొడవ నాకు రాదు అన్నాడు. తిన్నాక మారుస్తానన్నాను. తిన్నాక మర్చిపోయాను. టిక్కు అప్పటికే పెట్టేశాను."

జొల్దోష్ జాబితాను దస్త్రంలో పెట్టబోయి, పెట్టలేక బల్ల మీదే బోర్లా ఉంచాడు.

"నిన్ను అన్నందుకు," అన్నాను అతనితో.

"వదిలెయ్యండి."

"వదిలెయ్యను."

"అయితే తర్వాత అందాం. ఇప్పుడు కాదు."

కాలీపా ఇగ్నాతిచ్ వైపు తిరిగింది. నా వైపు చూడలేదు. "తాతా, ఒకటి అడుగుతాను. నిజం చెప్పండి. మన మాట ఆయనకు వినపడిందా?"

ఇగ్నాతిచ్ జొల్దోష్ వైపు చూశాడు. జొల్దోష్ కిటికీ వైపు చూశాడు.

"బ్యాటరీ తక్కువై ఉండొచ్చు ఎజే," అన్నాడు. "చలికి స్పీకరు గడ్డకట్టి ఉండొచ్చు. అలాంటప్పుడు..."

"నిన్నడగలేదు తమ్ముడూ."

ఇగ్నాతిచ్ గ్లాసు కింద పెట్టాడు. "వినపడింది అమ్మా. తాళం లోపలికొచ్చే మాటకే. బయటికెళ్ళే మాటకు తాళం లేదు. మేం మాట్లాడిందంతా మెదెర్‌కు వినపడింది."

"బావగారు పిలిచింది?"

"వినపడింది."

"ఆ రోజు బావగారు నాకు కూడా మైకు ఇచ్చారు."

ఎందుకిచ్చానో నాకు గుర్తుంది. నా గొంతు విని విసిగి పలకడం లేదేమో, భార్య పిలిస్తే పలుకుతాడని. అప్పటికింకా నాకు భయం పుట్టలేదు.

"నేను తిట్టాను," అంది కాలీపా. "బ్యాటరీ మర్చిపోయి వెళ్ళావు కదూ, ఎప్పుడూ ఇంతే కదూ, ఇంటికి రా నీ పని చెబుతా అన్నాను. అదే నేను ఆయనతో అన్న ఆఖరి మాట. అది వినపడలేదులే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. రేడియో పాడైంది కదా, వినపడి ఉండదులే అని."

నేను నిలబడిన చోటే ఆమె కూడా నలభై రోజులు నిలబడి ఉంది. నాకు తెలియదు. ఆ దినాలన్నీ మా ఇంట్లోనే, ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఇద్దరం ఒకే మాటను ఊతకర్రగా పట్టుకున్నాం. ఆ ఊతకర్రను ఇద్దరి చేతుల్లోంచీ నేనే లాగేశాను.

"కాలీపా," అన్నాను.

"వద్దు బావగారూ. ఇప్పుడేమీ అనకండి." ఆమె గుడ్డ కొసతో బల్ల మీది పొడి తుడిచింది. గోడ గడియారం చూసింది. "పన్నెండు కావస్తోంది. పిలవండి తాతా. ఇన్నాళ్ళు ఆయన్ను పోనివ్వకుండా మనమే ఆపాం."

*

ఇగ్నాతిచ్ మైకు ముందు కూర్చున్నాడు. టోపీ తీశాడు. జొల్దోష్ వెళ్ళి నాట్యం టీచరమ్మకు చెప్పి వచ్చాడు. గోడ అవతల పాదాల చప్పుడు ఆగింది.

సరిగ్గా పన్నెండింటికి ఇగ్నాతిచ్ మీట నొక్కి, తొందరలేని గొంతుతో మెదెర్ కాల్ సైన్ పూర్తిగా పలికాడు. చివర ఉల్యానా, కిలోవాట్. "సారీబెల్ రిపీటర్ నిన్ను పిలుస్తోంది. జవాబివ్వు."

మీట వదిలాడు. రిపీటర్ ఒక్క క్షణం గుసగుసలాడి మూసుకుంది. నిమిషం మొదలైంది.

మేం ముగ్గురం కాక లోయలో పది ఇళ్ళలో పదిమంది సెట్ల ముందు కూర్చుని ఉన్నారని నాకు తెలుసు. అందరి టిక్కులూ నా దగ్గరున్నాయి. కాలీపా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని సెట్టు మీది దీపం వైపే చూస్తోంది. నిమిషం నిండింది.

ఇగ్నాతిచ్ రెండోసారి పిలిచాడు. రెండో నిమిషం మొదలైంది.

నా చేతులను ఏం చేయాలో తెలియలేదు. పక్కనున్న కార్డుల కట్ట తీసుకుని ఎర్ర దారం ముడి విప్పాను. పై కార్డు జపాన్‌నుంచి, మంచు పడిన వంతెన బొమ్మ. రెండోది బొమ్మ లేనిది. పాత కాలపు దళసరి అట్ట, మీద చేత్తో గీసిన చట్రం. పంపినవాడి పేరు బేయ్షెన్. ఊరు తెరెక్, కనుమ కింద ఆఖరి ఊరు. అడవి కాపలా ఉద్యోగంలోంచి దిగిపోయినవాడు. పేరు కింద 'శ్రోత' అని ఉంది. మాట్లాడే అనుమతీ, మాట్లాడే యంత్రమూ లేకుండా వినడం మాత్రమే చేసేవాళ్ళు మాలో కొందరున్నారు. వాళ్ళు ఏం విన్నా ఎవరికీ తిరిగి పలకలేరు. కార్డు రాస్తారు.

తేదీ గడిలో జనవరి 12 అని ఉంది.

సమయం 12.40 నుంచి 13.25 దాకా. కార్డుల మీద మేం వేసేది ప్రపంచ సమయం. మా ఊరికి ఆరు గంటలు కలపాలి. బడిలో ఈ లెక్క ఏటా చెబుతాను. ఆ రోజు నాకు రెండుసార్లు కలుపుకోవలసి వచ్చింది. ఆరూ నలభై నుంచి ఏడూ ఇరవై అయిదు. నేను సెట్టు ముందు కూర్చున్నప్పటినుంచి, ఆశ వదిలి కోటు వేసుకున్న దాకా.

కింద, వ్యాఖ్యల గడిలో, గుండ్రటి చిన్న అక్షరాలు గడి దాటి అంచు దాకా పాకాయి.

'గౌరవనీయ మిత్రమా, మీ సంకేతం నాకు నేరుగా, చాలా బాగా వినిపించింది. రిపీటర్ మా లోయకు అందదు. అందుచేత మీ అన్నగారు ఏమన్నారో వినలేకపోయాను. మీ జవాబులు మాత్రం ఒక్కటీ పోలేదు. కాలికి దెబ్బ తగిలిందని, ఎక్కడున్నారో మీరు చెప్పడం విన్నాను. అన్నగారు వెంటనే మనుషులను పంపి ఉంటారు. ఇప్పటికి నయమై ఉంటుందని తలుస్తాను. మధ్యలో ఇంటావిడ కూడా మాట్లాడినట్టున్నారు. మీరు చాలా నవ్వారు. అన్నదమ్ములు ఇంత ఆప్యాయంగా ఇంతసేపు మాట్లాడుకోవడం నేను రేడియోలో వినలేదు. అంతా నా పుస్తకంలో రాసుకున్నాను, నాలుగు పేజీలు వచ్చింది. చివర మీరు అన్నగారిని ఒకటి అడిగారు. ఆయన సరేనన్నారో లేదో నాకు వినిపించలేదు. అని ఉంటారనే అనుకుంటున్నాను. నిజమేనని సంతకం చేసి మీ కార్డు పంపగలరు.'

రెండో నిమిషం నిండింది. ఇగ్నాతిచ్ ఊపిరి తీసుకుని మైకును దగ్గరికి లాక్కున్నాడు. ఆయన బొటనవేలు మీట మీదికి వెళ్ళడం చూశాను. నా అరచేతిని దాని మీద ఉంచాను.

"ఏమిటి మాస్టారూ?"

కార్డును కాలీపా చేతికిచ్చాను. ఆమె పెదవులు కదుపుతూ చదివింది. నవ్వారు అన్న చోట వేలు ఆగింది. తర్వాత కిందికి కదిలింది, అంచు దాకా.

సెట్టులోంచి ఎవరిదో గొంతు భయంభయంగా అడిగింది. "ఇగ్నాతిచ్, మూడోది పిలిచారా? మాకు వినపడలేదు."

కాలీపా తలెత్తి, ఆ రోజు మొదటిసారి సూటిగా నా వైపు చూసింది.

"ఆయన ఏమడిగాడు బావగారూ?"